పిన్ని జల్లెడలోంచి కురిసిన మంచు

మా చిన్నప్పుడు... రోహిణి కార్తె. పొద్దెక్కేసరికి డాబా మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. నాయనమ్మా, పిన్నీ ఆలోపే తడిగుడ్డల మీద వడియాలు పెట్టేసి కిందికి దిగేవాళ్ళు. నాన్న వాకిట్లో మినుములు ఎండబోసి నీడకు చేరేవాడు. మధ్యాహ్నం తలుపులు వేసుకున్నా వడగాలి సందుల్లోంచి కొట్టేది...

ఆ ఎండల్లో వసారాలో కూర్చుని తమ్ముడూ నేనూ మంచు తయారుచేశాం.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. మంచంటే మాకు తెలిసింది చలికాలం పొద్దున చేల మీద పొగలా పట్టేది, ఐసుబండిలో పొట్టు కింద ఉండేది... అంతే. కానీ బాబాయి మిలిటరీలో, మంచుకొండల దగ్గర ఉండేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే పని నేర్చుకుని మిలిటరీలో చేరాడు.

ఆ వేసవిలో బాబాయి సెలవు మీద వచ్చినప్పుడు ఇంట్లో ఒకటే మాట నడిచింది. మిలిటరీలో ఆయన గడువు అయిపోతోంది. ఇంకొన్నేళ్ళు పొడిగించుకోవాలని ఆయనకి ఉంది. పిన్ని ఒకే షరతు పెట్టింది.

"కింద షెడ్డులో పనైతే ఉండండి. బండేసుకుని కొండ మీదికి వెళ్ళే పనైతే మాత్రం వచ్చెయ్యండి."

"షెడ్డులోనేనే. పైన నాకేం పని?" అన్నాడు బాబాయి.

మాకోసం ఆయన పాలపొడి డబ్బా కత్తిరించి మిలిటరీ లారీ చేశాడు. సోడాసీసా మూతలే చక్రాలు. మేము పాత తలుపు చెక్క మీద కాలవమట్టితో కొండలు పెట్టి, మలుపుల దారి తీసి, మట్టి సిపాయిల్ని నిలబెట్టాం. మంచొక్కటే తక్కువ...

మొదట దిండు విప్పి బూరుగు దూది పరిచాం. బాబాయి అటుగా పోతూ చూశాడు.

"ఏంట్రా, కొండకి దెబ్బ తగిలిందా? కట్టు కట్టారు?"

తర్వాత రాళ్ళఉప్పు రోట్లో దంచి చల్లాం. ఎండకి అది తళతళా మెరిసింది. ఇదే మంచు అనుకున్నాం... సాయంత్రానికి సముద్రం గాలి తిరిగింది. ఉప్పు చెమర్చింది. నీరు కారి కొండ సగం జారి, లారీ బురదలో కూరుకుపోయింది.

"ఉప్పుని గాలికి పెడితే నీరవదా? ఆమాత్రం తెలీదే మీకు!" అని నాయనమ్మ కసిరింది.

మర్నాడు కొండ మళ్ళీ కట్టి, ఆరనిచ్చి, తుమ్మజిగురు పూసి, బియ్యప్పిండి చల్లాం. అంతా ఒకే మందంగా, తెల్లగా పరుచుకుంది. బాబాయిని పిలిచాం. ఆయన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తప్పు చూస్తే చెయ్యి ఆగే మనిషి కాదు.

"గాలి ఎటునుంచి వస్తంది?"

తమ్ముడు పెరట్లో వేపచెట్టు వైపు చూశాడు.

"ఇక్కడ కాదురా. అక్కడ."

కొండకి ఒక పక్క పిండి వేలితో గీకేశాడు. ఆ గీకింది రెండో పక్కకి తోసి కుప్పపోశాడు. లారీకి కూడా అంతే, ఒక పక్క చక్రం మునిగేదాకా పోశాడు. బానెట్ మీద పిండిని ఉఫ్‌మని ఊదేశాడు. "ఇంజను వేడికి ఇక్కడ నిలవదు." సిపాయిల వెనక చూపించి, "నీడ పడ్డచోట తెల్లగా ఉండదు, నీలంగా ఉంటది," అన్నాడు.

పక్కనే బియ్యం ఏరుతున్న పిన్ని లేచి వెళ్ళి, బట్టలకి వాడే నీలిమందు తెచ్చింది. గుప్పెడు పిండిలో చిటికెడు కలిపి ఇచ్చింది. బాబాయి దాన్ని నీడల్లో అద్దాడు. మా కాలవమట్టి కొండ ఒక్కసారిగా చల్లబడినట్టు అనిపించింది...

"కురిసేటప్పుడు ఎలా ఉంటదండీ?" అంది పిన్ని.

"ఏం కనపడదు."

పిన్ని జల్లెడ తెచ్చి, కొండ మీద పట్టుకుని మెల్లగా ఊపింది. పిండి కురిసింది. దారి మాసిపోయింది. బాబాయి లారీని వేలితో నెడుతూ మలుపు తిప్పాడు.

"ఇట్టా ఉంటే ఎంత దూరం కనపడుద్ది?" అంది పిన్ని, జల్లెడ ఊపుతూనే.

"బానెట్ దాకా. ఒకడు దిగి ముందు నడుస్తా చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి చూసుకుని పోనివ్వాలి."

"చెయ్యి కనపడకపోతే?"

"ఆగాలి."

"ఆగితే?"

"ఆగకూడదు. ఆగితే ఇంజను మళ్ళీ లేవదు."

జల్లెడ ఆగింది.

"మీ షెడ్డులోకి కూడా కురుస్తదా అండీ, ఇంత మంచు?"

బాబాయి చేతికంటిన పిండి దులుపుకున్నాడు.

"అయితే బండి తోలేది నువ్వేనా బాబాయ్?" అన్నాడు తమ్ముడు సంబరంగా. పిన్ని జల్లెడ గోడకి తగిలించి, ఏరిన బియ్యం తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట అన్నం అందరికీ నాయనమ్మే వడ్డించింది.

పొద్దున లేచి చూస్తే మంచుకి చీమలు పట్టాయి. కొండ మీది నుంచి గుమ్మం దాకా బారు... ఒక్కో చీమ నోట ఒక్కో పిండి పలుకు. దారి సగం తేలింది. పిన్ని కళ్ళాపి చెంబు పట్టుకుని అక్కడే నిలబడి చూసింది.

"చీమలు దారి తీశాయి. ఇంక కిందికి దిగొచ్చు."

నాయనమ్మ నవ్వింది. బాబాయి నవ్వలేదు. "ఈ గడువుతో సరి," అన్నాడు.

చెప్పినట్టే ఆ గడువు కాగానే వచ్చేశాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఆయనకో షెడ్డు ఉంది. మొన్న విజయవాడలో మా ఇంటికి వచ్చాడు. మావాడు చిన్న ట్యాంకు బొమ్మ అతికించి, డబ్బాలో అమ్మే మంచు పూస్తున్నాడు. ఆ మంచు చెమర్చదు, దానికి చీమలు పట్టవు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గాలి ఎటునుంచి?" అన్నాడు. మావాడు డబ్బా తిప్పి చూశాడు. దాని మీద అది రాసి లేదు...

చూడని దాన్ని మీరూ ఇంట్లో దొరికిన వాటితో చేసే ఉంటారు. దేనితో ఏం చేశారో చెప్పండి.

ఆ ఏడు మాత్రం, మిగిలిన గడువు కోసం బాబాయి మృగశిర రాకముందే వెళ్ళాడు. బుధవారం, పొద్దున మొదటి బస్సు. పిన్ని విజయవాడ స్టేషన్ దాకా వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి ఒక్కతే తిరిగొచ్చింది.