ఆగే

మా బావ కింద పడాలని నేను తొమ్మిదేళ్ళు కోరుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. కాలు విరగాలనో, మంచం పట్టాలనో కాదు. నేను పడ్డట్టే, నలుగురి ముందు, నీళ్ళలో, నోరు తెరుచుకుని పడాలి. అంతే.

నాన్నది రైల్వే ఉద్యోగం. రాయ్‌పూర్‌లో, పట్టాలకు దగ్గరగా, గుఢియారీలో ఉండేవాళ్ళం. బళ్ళో నన్ను మద్రాసీ అనేవారు. నేను లెక్క చేసేదాన్ని కాదు. మాకు విశాఖ ఉంది, సముద్రం ఉంది, ఇంట్లో తెలుగు ఉంది అని లోపల పెద్ద ధీమా. పన్నెండో తరగతి పరీక్షలయ్యాక ఆ ధీమాతోనే విశాఖలో మేనమామ ఇంటికి వెళ్ళాను.

మామయ్య కొడుకు అప్పుడే సర్ఫింగ్ నేర్చుకుని ఊరంతా గొప్పలు పోతున్నాడు. ఋషికొండ తీరంలో నన్ను బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డున అత్తయ్య, ఆవిడ చెల్లెళ్ళు. ఇంతలో పెద్ద అల లేచింది. "ఆగే! ఆగే!" అని అరిచాడు బావ.

ఆగవే అని. ఈ అల మనకొద్దు, పోనీ అని. నాకేమో పొద్దున లేస్తే చెవిన పడేది హిందీ. ఆటోవాడు, బళ్ళో టీచరు, రేషన్ వరుసలో వెనకవాళ్ళు అందరూ "ఆగే, ఆగే" అనేవాళ్ళే. ఆ ఆగేకి అర్థం ముందుకు. నేను చేతులతో నీళ్ళు తోసుకుంటూ ముందుకే వెళ్ళాను. మోకాళ్ళ మీద లేచాను కూడా. తర్వాత బోర్డు ఎటు పోయిందో, నేనెటు పోయానో తెలీదు. ముక్కునిండా ఇసుకతో పాక్కుంటూ ఒడ్డుకొచ్చాను.

"ఆగమంటే ఎల్తావేటే?"

"నేను హిందీ అనుకున్నా బావా," అన్నాను ఏడుస్తూ.

అత్తయ్య చెల్లెళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఓలమ్మో, తెలుగు రాని తెలుగుపిల్ల!" అన్నాడు బావ. హిందీలో ఆ మాటకు అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు. ఆ పేరు మాత్రం ఖాయమైపోయింది. ఏ పెళ్ళిలో పులిహోర అడిగినా "హిందీలో అడగవే" అనేవాడు. రాయ్‌పూర్‌లో మద్రాసీని, విశాఖలో హిందీదాన్ని. ఆ కోపాన్ని తడి తగలని ఆవకాయలా దాచుకున్నాను.

కిందటి వేసవిలో దొరికాడు. రాయ్‌పూర్ శివార్లలో, బీర్‌గావ్ పక్కన ఏదో ఫ్యాక్టరీలో పనుండి వచ్చి మా ఇంట్లో దిగాడు. హిందీ ఒక్క ముక్క రాదు. ఆదివారం వాటర్ పార్కుకి తీసుకెళ్ళాను. అక్కడ మోటార్లతో నీళ్ళు ఎగదోసి అలను పుట్టించే తొట్టి ఉంది.

"మీ ఊరి సముద్రం ఇదేనేటే?" అని నవ్వి బోర్డు అందుకున్నాడు.

ఆ తొట్టిని నడిపే పెద్దాయన హిందీలో జాగ్రత్తలన్నీ చెప్పాడు. తాను "ఆగే" అని అరిస్తే ముందుకు వంగాలి అని కూడా చెప్పాడు.

"ఏటంటన్నాడే?"

"ఆయన చెప్పినట్టు చెయ్యమంటున్నాడు," అన్నాను.

బాగానే నిలబడ్డాడు, అబద్ధమెందుకు. వరుసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా కడుపు మండిపోయింది. అప్పుడు బోర్డు వెనక్కి జారింది. "ఆగే! ఆగే!" అని పెద్దాయన అరిచాడు. బావ బుద్ధిమంతుడిలా ఆగాడు. కర్రలా నిటారుగా బిగుసుకుపోయాడు. నీళ్ళు బావని ఎత్తి వెనక గోడ మీదికి విసిరాయి. చప్పట్లు కొట్టినవాళ్ళే ఘొల్లున నవ్వారు. నేను నవ్వలేక కింద కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ నవ్వు అది.

మోచేయి గీరుకుపోయి, చెవిలో నీళ్ళు దులుపుకుంటూ వచ్చాడు. కోప్పడలేదు. నిజంగానే తెలీక, మెల్లిగా అడిగాడు.

"ఆగమన్నాడు కదే, ఆగాను. మీ భాషలో ఆగే అంటే మరేటి?"

మీ భాష. వెక్కిరించినన్నాళ్ళూ కూడా నాకు అంత మండలేదు. నిజం చెప్పేద్దామని తెరిచిన నోరు మూసుకున్నాను.

"అదే బావా, ఆగడమే," అన్నాను. "నువ్వే ఠీక్‌గా ఆగలేదు. ఫిర్ సే ఎక్కు."