బస్తా ముందు రానంటది

మా ఆఫీసుల నా పని, బరువు లేనిదానికి బరువు తెచ్చుడు. గోదాముల్ల కొత్తగ చేరే హమాలీలకు నడుము పట్టకుంట బస్తా ఎట్ల లేపాల్నో వీఆర్‌ల నేర్పే ప్రోగ్రాం చేస్తున్నం. హెడ్‌సెట్ పెట్టుకుంటే కండ్ల ముందట బస్తా కనిపిస్తది. చేతుల మాత్రం అరచేతంత రిమోట్. ఎవరు లేపినా బస్తా గాలిబుగ్గ లెక్క పైకి లేస్తుండె. రిమోట్ వణికేటట్టు పెట్టి చూసిన. ఫోన్ మోగినట్టుందన్నరు అందరు.

ఒక ఆదివారం ఆ హెడ్‌సెట్ జల్‌పల్లిల మా ఇంటికి తెచ్చిన. మా బాపు ఉస్మాన్‌గంజ్‌ల ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు. రెండేండ్ల కింద వెన్నుపూస జరిగింది. నీళ్ల బకెట్ గూడ లేపొద్దన్నడు డాక్టర్. అప్పటిసంది ఇంట్లనే ఉంటుండు. అమ్మ బిందె ఎత్తుతుంటె మొఖం పక్కకు తిప్పుకుంటడు.

బాపు హెడ్‌సెట్ పెట్టుకోని బస్తా లేపి పకపక నవ్విండు. "ఏంది బిడ్డా, గిది బియ్యమా, దూదా?"

"మరి బరువు ఎట్ల తెలుస్తది బాపూ?"

నన్ను వంటింట్లకు తీస్కపోయి బియ్యం బస్తా చూపిచ్చిండు. "లేపు. మెల్లగ. ఏమైతదో చూడు."

లేపిన.

"చూసినవా? నీ చెయ్యి పైకొచ్చింది, బస్తా రాలే. ముందు రానంటది. మూల సాగుతది, లోపట బియ్యం జారుతయి, గప్పుడు అడుగు నేల ఇడుస్తది. గంతసేపు ఆగాలె. ఆగనోనికే నడుము పోతది."

తన పని గురించి బాపు నాకు గన్ని మాటలు చెప్పుడు అదే మొదటిసారి. నేను ఎన్నడు అడిగిన గనుక?

రెండు వారాలు దాని మీదనే కూసున్న. అసలు చెయ్యి లేచినా, హెడ్‌సెట్‌ల కనిపించే చెయ్యి ఎన్కవడి లేచేటట్టు చేసిన. మూల సాగేటట్టు, బియ్యం జారే సప్పుడు చెవుల పడేటట్టు, అడుగు ఆఖర్ల లేచేటట్టు చేసిన.

మళ్ల బాపుకు పెట్టిన. మోకాళ్లు వంచిండు. చేతులు చాపిండు. ఆగిండు. "హుఁ" అని ఊపిరి ఇడిసిండు.

ఆ సప్పుడుకు అమ్మ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. "ఏం లేపుతున్నవయ్యా! డాక్టర్ వద్దన్నడు గద!"

"ఏం లేదే, ఉత్త చేతులే," అన్నడు గాని దించలే. భుజాలు నిజంగనే కుంగినయి. "వచ్చింది బిడ్డా. గిదే. గిప్పుడు వీపు మీదికి ఎయ్యి."

"దీనికి వీపు తెల్వది బాపూ. చేతులే తెలుసు."

బాపు అట్లనే జరంత వంగి నిలవడ్డడు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుసుకోని, ఎన్కకు పోయి, రెండు అరచేతులు ఆయన వీపుకు ఆనిచ్చింది.

"గిట్లనా?"

"కొంచెం పైకి. ఆఁ, గాడ."

రెండడుగులు ఏసిండు. అమ్మ గూడ చేతులు తియ్యకుంట రెండడుగులు ఏసింది. నేను కంప్యూటర్ మర్చిపోయి వాళ్లనే చూసిన.

ఆఫీసుల ఆ ఆలోచన ఎవరిదని అడిగిన్రు. మా బాపుదన్న. తీస్కరమ్మన్నరు. ఇస్త్రీ అంగి ఏసుకోని బాపు నాతోని వచ్చిండు. చక్కెర బస్తా పట్టుడు వేరేనట, మిరపకాయల బస్తా పట్టుడు వేరేనట. ఇంజనీర్లను చుట్టూ నిలవెట్టుకోని, ఉత్త చేతులతోనే, పొద్దుగూకెదాక చూపిచ్చిండు.