ముద్రకు ముందు చదివే చాచా

మా పై వాటాలో ఉండే చాచా పోయారని మొన్న శుక్రవారం పనిలో ఉండగా ఫోనొచ్చింది. గుండెపోటట. జెద్దాలోనే మట్టి ఇచ్చాం. రాయచోటి నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఇక్కడ అరబీ అర్జీలు టైపు చేసి బతికిన మనిషి. ఆయన లేకపోతే నా కొడుకు ఈ రోజు నా దగ్గర ఉండేవాడు కాదు.

ఏ కాగితమైనా చివరిదాకా చదవందే వదిలేవారు కాదు. మా ఆవిడకు దగ్గు మందు తెచ్చిస్తే, సీసా మీది అక్షరాలన్నీ చదివేదాకా ఆమె దగ్గుతూ నిలబడాల్సిందే. నేను నవ్వేవాణ్ణి. ఏసీలు బాగుచేసే నాకు అరబీ మాటలు వచ్చు, అక్షరం రాదు. నన్ను పనికి తెచ్చిన యజమాని, కఫీల్, ఏ కాగితం చాపినా వేలిముద్ర వేసేయడమే అలవాటు.

రెండేళ్ల కిందట మా సందులో ఎవరిదో కారు అద్దం పగిలింది. నలుగురు పిల్లల్ని ఠాణాకు పట్టుకుపోయారు. ఇద్దరు ఇక్కడివాళ్లు, పద్నాలుగేళ్ల మావాడు, చాద్ దేశం నుంచి వచ్చిన కుటుంబం అబ్బాయి. మొదటి ఇద్దరి తండ్రులు వచ్చి, రెండు మాటలు మాట్లాడి పిల్లల్ని తీసుకుపోయారు. బెంచీ మీద మిగిలింది చామనఛాయవాడొకడు, నల్లవాడొకడు. నల్లవాడి తల్లి గోడ వారగా నిలబడి ఉంది. చాలాసేపటికి ఒక అధికారి కాగితం చాపి, ముద్ర వేసి మావాణ్ణి తీసుకుపొమ్మన్నాడు. బతికాం అనుకుని సిరాలో బొటనవేలు అద్దాను. తోడొచ్చిన చాచా నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండప్పా. సదివినాక ముద్రెయ్యి. ముద్రేసినాక సదివితే ఏం లాభం?"

చదివి, గొంతు తగ్గించారు. "రాయి ఇసిరింది మీవోడూ ఆ చాద్ పిల్లోడూ అని రాసినారు. ఇంటికి పోయినోళ్ల పేర్లే లేవు. ముద్రేస్తే కేసైతాది. కేసైతే ఇండియాకు పంపిచ్చేస్తారు."

రాయి తను విసరలేదని మావాడు చెప్పిందే రాయమని చాచా అధికారిని మెల్లగా అడిగారు. అధికారి బల్ల చరిచి, చాచా ఇకామా లాక్కుని సొరుగులో పడేశాడు. ఆ నివాస కార్డు లేనిదే ఇక్కడ వీధిలో నడవలేం. అయినా చాచా మళ్లీ అదే మాట, అదే గొంతుతో అడిగారు. గంటన్నరకు కాగితం మారింది. ఆయన మొత్తం చదివి తల ఊపాకే ముద్ర వేశాను.

"పదండి చాచా, ఇకామా అడిగి తీసుకుని పోదాం."

"నువ్వు పోప్పా. ఆ పిల్లోనిది ఇంకా సదవలే."

"మనకెందుకు చాచా?"

నిజంగానే అన్నాను ఆ మాట. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆయన కోప్పడలేదు. మావాడి చెయ్యి పట్టుకుని నేను బయటికి నడిచాను.

ఆ అబ్బాయీ ఇల్లు చేరాడని, చాచాకు కార్డు తిరిగి ఇచ్చేశారని మర్నాడు తెలిసింది. కానీ నాకు ఆ రోజు ఠాణా గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసిందే గుర్తు. ఆ పిల్లాడి తల్లి అప్పటికే వేలు సిరాలో అద్దేసింది. చాచా కాగితం అడుగున, ముద్ర వేసే చోట తన అరచెయ్యి పెట్టి, పై వరుస నుంచి చదువుతున్నారు. ఆమె నీలం వేలు గాలిలోనే ఆగి ఉంది.