పిండిసంచి చప్పుడు

కింద బేకరీ, పైన అత్తగారి నిద్ర. వీధంతా వదిన అని పిలిచే ఆ ఇంటి కోడలు, మధ్యాహ్నం పొయ్యి చల్లారగానే చేతుల పిండి దులుపుకుని, గోదాములో డ్రమ్ముల ముందు కూర్చునేది. మరిది గిటార్ వాయిస్తూ పాడేవాడు. వాళ్ళది ఇద్దరి రాక్ బ్యాండ్. రేడియోలో వచ్చే వరసల జోలికి పోకుండా సొంత పాటలే కట్టుకునేవాళ్ళు.

మొదటిరోజే పైనుంచి కేక. "ఏమే, ఇల్లు కూలుస్తున్నావా? నా కునుకు సంగతేంటి?"

వదిన ఖాళీ పిండిసంచులు మడిచి డ్రమ్ముల మీద పరిచింది. చప్పుడు దుబ్ దుబ్‌మని అణిగింది. పైన గురక మొదలైంది. ఆరేళ్ళపాటు పాటలన్నీ ఆ దుబ్ దుబ్ మీదే పుట్టాయి, పక్కనున్న మనిషితో చెప్పుకునే కబుర్లలా.

తొలి క్యాసెట్ రికార్డింగుకు వదిన డ్రమ్ములు తళతళలాడేలా తోముకెళ్ళింది. నలుగురిలో నామోషీ అని సంచులు ఇంట్లోనే వదిలేసింది. తీరా వాయిస్తే డ్రమ్ములు ఖంగుమన్నాయి, మరిది గొంతు వాటికింద నలిగిపోయింది.

మూడోసారి కూడా అంతే. రికార్డిస్టు తల అడ్డంగా ఊపాడు. "మీ చెయ్యి బరువమ్మా. రేపు మా డ్రమ్మర్‌ని పిలిపిస్తా."

"మా వదిన లేకపోతే పాటే లేదు సార్," అన్నాడు మరిది.

"నాకు చెప్పడం కాదు, వినిపించాలి."

వదిన తళతళలాడే డ్రమ్ములకేసి చూసింది. చెయ్యి అదే, పాట అదే. మరి తేడా ఎక్కడ? చటుక్కున లేచింది. "ఒక్క అరగంట ఆగండి!"

గోదాములో సంచులు ఏరుతుంటే అత్తగారు తొంగిచూసింది. "ఏంటే ఆ దొంగతనం?"

"మీ కునుకు పట్టుకెళ్తున్నా అత్తయ్యా!"

ఈసారి పాట అయ్యాక రికార్డిస్టు టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. "ఇంకో సంచి ఉందా అమ్మా?" అన్నాడు చివరికి. డ్రమ్మర్ ఊసే ఎత్తలేదు.

ఆ క్యాసెట్ ఊళ్ళేమీ ఏలలేదు. పదేళ్ళు వాయించి బ్యాండ్ మానుకున్నారు. కానీ విన్న కొద్దిమందిలో చాలామంది సొంత బ్యాండ్లు పెట్టారు. ఇప్పుడు ఎవరి డ్రమ్ముల మీద చూసినా సంచులే. మొన్నొక అమ్మాయి బేకరీకి వచ్చింది. "ఆంటీ, ఎన్ని సంచులు వేసినా మీ చప్పుడు రావట్లేదు. ఏ కంపెనీవి?"

వదిన నవ్వుతూ మేడమీదికి తీసుకెళ్ళింది. మంచంమీద అత్తగారు ఒక కన్ను తెరిచింది.

"ఇదే మా కంపెనీ," అంది వదిన. "ఈవిడ లేవకుండా వాయించు, అదే వస్తుంది."