పిన్నీసు పెట్టిన పేజీలు

పోయిన వారం ఇల్లు సర్దుతూ, చారిటీ షాపుకి ఇవ్వాల్సిన పుస్తకాలను అట్టపెట్టెలో వేస్తుంటే ఒకటి చేతికి గుచ్చుకుంది. మాటవరసకి కాదు, వేలు చివర రక్తం వచ్చింది. చూస్తే మధ్యలో పది పన్నెండు పేజీలను కలిపి పట్టుకుని తుప్పు పట్టిన పిన్నీసు. ఆ పిన్నీసు నాది, పెట్టిందీ నేనే. మా వదినగారు పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పుస్తకం ఇంగ్లండులో ఈ లెస్టర్ ఊరి చెమ్మకి ఉబ్బుతూ అల్మరా అడుగున పడి ఉంది, నేను దాని జోలికి పోలేదు.

వదినగారంటే మా ఆయన అక్కయ్య. రాజమండ్రి మనిషి. పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు మేజోళ్ళ ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంది. ఆవిడకి దేవుళ్ళు చాలామంది ఉండేవారు గానీ హాస్యనటుడు మాత్రం ఒక్కడే. ఆయన పేరు నేను చెప్పను. చెబితే మీరు మీకు తెలిసిన కథలు మొదలుపెడతారు, నా కథ మూలకి పోతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆయన సినిమా పెట్టాల్సిందే. ఆయన తెరమీదికి రాకముందే, తలుపు చప్పుడుకే ఈవిడ నవ్వడం మొదలు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి "అత్తా, వై ఆర్ యూ లాఫింగ్ బిఫోర్ ద జోక్?" అని అడిగేది. "జోకు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోదుటే" అనేది ఆవిడ.

ఆవిడ దగ్గర ఒక కథ ఉంది, డబ్బా కథ. పదహారేళ్ళ వయసులో గోదావరి గట్టున షూటింగ్ జరుగుతుంటే, స్కూలుకి తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టిందట. ఆయన నవ్వలేదు, ఒక్క మాట మాట్లాడలేదు, డబ్బా పట్టుకుని కారెక్కి వెళ్ళిపోయాడట. అది మా అత్తగారు పేరు చెక్కించుకుని, లెక్కపెట్టుకుని వాడుకునే స్టీలు సామాన్లలో ఒకటి. ఇంటికెళ్ళాక వదినగారికి వీపు విమానం మోత మోగింది. ఈ కథ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. డబ్బా ఎక్కడో పారేసుకుని, దెబ్బలకి భయపడి కల్పించిందని అందరి తీర్మానం. మా ఆయనైతే ఎప్పుడు కలిసినా "ఏవే అక్కా, మీ హాస్యబ్రహ్మ మన డబ్బా ఎప్పుడు పంపిస్తాట్ట?" అనేవారు. ఆవిడా మాతోపాటు నవ్వేది గానీ, ఆ నవ్వు సినిమా చూసేటప్పటి నవ్వు కాదు. అది నాకు తెలుసు. తెలిసీ నేనూ నవ్వాను.

ఆయన తన జీవితకథ రాశాడని తెలిసేనాటికి వదినగారు హాస్పిటల్లో ఉంది. షుగరు ముందు కళ్ళు తీసుకుంది, తర్వాత కిడ్నీలు పట్టింది. పక్కవీధి ఆంటీ ఇండియా వెళ్ళొస్తూ, సూట్‌కేసులో గోంగూర పచ్చడికీ అప్పడాలకీ మధ్య ఆ పుస్తకం ఇరికించి తెచ్చింది. "అమ్మాయ్, ముందు డబ్బా ఉందేమో చూడు" అంది వదినగారు, అట్ట తడుముతూ. "వరసగా చదువుదాం, అదే వస్తుంది" అన్నాను. రోజూ రెండింటినుంచి నాలుగింటిదాకా చూడ్డానికి రానిచ్చేవారు. నేను పనిచేసే డాక్టరుగారి క్లినిక్కులో రిసెప్షన్ డ్యూటీలన్నీ పొద్దుటికి మార్పించుకున్నాను.

పుస్తకం ఎంత బాగుందనుకున్నారు! మొదటి నాటకంలో ఆయనది బల్లెం పట్టుకుని నిలబడే భటుడి వేషం. నిలబడే నిద్రపోయి, సరాసరి మహారాజు ఒళ్ళో పడ్డాడట. అది చదివినప్పుడు వదినగారు నవ్విన నవ్వుకి ఏదో మిషను కూత పెట్టి, నర్సు పరిగెత్తుకొచ్చింది. రెండోరోజూ, మూడోరోజూ అలాగే గడిచాయి. నాలుగోరోజు పేజీ తిప్పితే, పైన పెద్ద అక్షరాలతో 'అమ్మ పోయిన రోజు' అని ఉంది.

రోగి మంచం దగ్గర చావు మాట ఎత్తకూడదు. మా అమ్మ నేర్పిన నియమం, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది. నేను గొలుసుకున్న పిన్నీసు తీసి ఆ అధ్యాయం మొత్తానికీ గుచ్చేసి, తర్వాతి దానిలోకి దూకాను. ఆవిడకి కనబడదు కదా.

వారంలో పుస్తకం అయిపోయింది. "డబ్బా లేదా?" అంది. ఆ గొంతు విని లేదనలేకపోయాను. "ఇదుగో, పేజీలు అంటుకున్నాయి" అని, కళ్ళు పుస్తకంలో పెట్టి, నోటికొచ్చింది చదివాను. గోదావరి గట్టు, ఎవరో పిల్ల, పెరుగన్నంలో ఆవకాయ ముక్క, ఆ కారానికి ఈయన ఎగిరి గంతేసి పకపకా నవ్వడం. వదినగారు అంతా విన్నది.

"ఆయన ఆ రోజు నవ్వలేదమ్మాయ్" అంది. "పోన్లే, బాగా చదివావు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మా ఆయన వెళ్తే చెయ్యి పట్టుకుని, "నిజంగా ఇచ్చానురా తమ్ముడూ. నువ్వైనా నమ్ము" అందట. "నమ్ముతున్నాలేవే" అన్నారట ఈయన, చంటిపిల్లల్ని ఊరుకోబెట్టినట్టు. ఆ శనివారమే పోయింది.

పోయిన వారం మెట్లమీద కూర్చుని పిన్నీసు తీశాను. గోదావరి గట్టున షూటింగ్‌లో ఉండగా తల్లి పోయినట్టు ఆయనకి టెలిగ్రాం వచ్చిందట. ఆ ఒక్క సీనూ చేసి వెళ్ళమన్నారు. బురదలో జారిపడే సీను. జనం విరగబడి నవ్వారు. కారు దగ్గరికి నడుస్తుంటే లంగావోణీ పిల్లొకతె చేతిలో డబ్బా పెట్టింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని పలకలేదట. దారిలో ఆ పెరుగన్నమే తిన్నాడు. "పిల్ల పేరు తెలియదు, డబ్బా మాత్రం ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, దానిమీద పేరు ఇదీ" అని రాశాడు. అది మా అత్తగారి పేరు, ఇంటిపేరుతో సహా.

సాయంత్రం మా ఆయన డ్యూటీనుంచి రాగానే పుస్తకం చేతిలో పెట్టాను. కోటు కూడా విప్పకుండా చదివి, కళ్ళజోడు తీశారు. "పాపం, అక్క నిజమే చెప్పింది" అన్నారు. నేను మళ్ళీ మొదటినుంచి, ఈసారి పైకి చదివాను. అత్తగారి పేరు ఏనాడూ నోటితో పలకనిదాన్ని, అదీ పలికాను. మొత్తం చదవడానికి పావుగంట పట్టింది. అప్పట్లో రోజూ రెండింటినుంచి నాలుగింటిదాకా, అలాంటి పావుగంటలు నా చేతిలో ఎనిమిదేసి ఉండేవి.