మా అక్క వీధి చివరి పార్కు

మా అక్క వెర్నా పోయాక రెండు పంటలు కోశారు. ఆమె గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఆమె ముఖం కంటే ముందు ఆ పార్కు కంపు గుర్తుకొస్తుంది. మురుగు కాలవ పక్కన, ఒకప్పుడు తుప్పుపట్టిన సామాను పారేసిన చోట, నాలుగు మంచాలు పట్టేంత జాగా. అందులో ఒక ప్లాస్టిక్ జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు, కింద చెక్కపొట్టు. ఎండాకాలం ఈగలు ముసురుతాయి. అక్కడ ఒక్క పిల్ల ఊగగా నేను చూడలేదు. అది పిల్లల కోసం పెట్టింది కాదు. మా అక్క కొడుకును వీధిలోంచి తరమడానికి పెట్టింది.

వెర్నా ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మా ఊళ్లో డ్రైవర్లు బస్సును తమ ఇంటి దగ్గరే పెట్టుకుంటారు. చలికాలం తెల్లవారుజామునే లేచి అద్దం మీద మంచు గీకి, ఇంజను వేడెక్కేదాకా లోపల కూర్చుని కాఫీ తాగేది. ఎవడు ఏమీ తినకుండా బస్సెక్కాడో ముఖం చూసి చెప్పగలిగేది. అలాంటివాళ్ల కోసం సీటు కింద బిస్కెట్లు ఉంచేది. ఆ వీధిలో సగం మంది ఆ బిస్కెట్లు తిని పెరిగినవాళ్లే. ఎదురింటి డొరీన్ కూడా.

కర్ట్ వెర్నాకు ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఆరేళ్ల వయసులో, టైర్ల గోదాములో తనతో పనిచేసే అమ్మాయి మీద అత్యాచారం చేశాడు. ఈ సంగతి మెత్తగా చెప్పడానికి చాలా మాటలున్నాయి. వెర్నా వాటిలో ఒక్కదాన్నీ గడప దాటి రానివ్వలేదు. "ఏదో తప్పు జరిగిపోయింది" అని మా తమ్ముడు ఓదార్చబోతే, "జరగలేదురా, వీడు చేశాడు" అంది. కోర్టులో ఆ అమ్మాయి చెబుతున్నంతసేపూ తల దించుకోకుండా విన్నది. బయటికొచ్చి చెత్తడబ్బా దగ్గర వాంతి చేసుకుంది.

జైలు నుంచి వచ్చాక కర్ట్ పేరు, ఫొటో, అడ్రసు పోలీసుల రిజిస్టరులోకి ఎక్కాయి. అది ఎవరైనా చూసుకోవచ్చు. బడికీ పార్కుకీ వెయ్యి అడుగుల లోపు వాడు కాపురం ఉండకూడదు. వాడు చెరిచింది చిన్నపిల్లను కాకపోయినా చట్టం అందరికీ ఒకటే. వెర్నా ఇల్లు వాటన్నిటికీ దూరం, కాబట్టి అక్కడ ఉండనిచ్చారు. కానీ అలాంటివాడున్న ఇంట్లో స్కూలు బస్సు ఉండకూడదన్నారు. బస్సును వేరేచోట పెట్టుకుని నడుపుతానంది. దానికీ తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. బస్సు పోయింది. వాకిట్లో గడ్డి మొలవని చారలు రెండు మిగిలాయి.

నాకు మాత్రం వాడంటే రోతగానే ఉండేది. ఒక ఆదివారం భోజనాల దగ్గర వాడు బంగాళాదుంపల గిన్నె అందిస్తే, ఆ చేతులు చూసి తీసుకోలేకపోయాను.

"ఏమే, గిన్నె కాలుతోందా?" అంది వెర్నా.

"వీడి పక్కన కూర్చుని నీకు ముద్ద ఎలా దిగుతోందే అక్కా?"

కర్ట్ లేవబోయాడు.

"కూర్చోరా. పిన్ని అంటున్నది నిన్నే, విను." ఆ గిన్నె తనే తీసుకుని నాకు వడ్డించింది. "నీకు రోత పుడితే పుట్టనీవే లోయిస్. నాకు పుట్టలేదనుకున్నావా? కానీ వీణ్ణి రోడ్డు మీద పారేస్తే వీడు మంచివాడవుతాడా? నా కళ్లెదుట ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. తిను, చల్లారిపోతోంది."

ఇలాంటి ఇళ్లలో ఉండే ఆడవాళ్లను వెర్నా కూడగట్టింది. మంగళవారాలు చర్చి కింది గదిలో కలిసేవాళ్లు. ఒకామె కూతురి పుట్టినరోజుకు క్లాసు పిల్లలు ఒక్కరూ రాలేదు. ఇంకొకామె గోడ మీద ఎవరో ఎర్ర రంగుతో బూతులు రాశారు. ఏ తప్పూ చేయనివాళ్లు తప్పు చేసినవాడి కంపు మోస్తూ బతకడం అక్కడ చూశాను. వెర్నా అక్కడ రెండే కట్టుబాట్లు పెట్టింది. "మావాడు అమాయకుడు" అనే మాట ఎవరూ అనకూడదు. పోలీసుల దగ్గర ఏదీ దాచకూడదు, అడక్కపోయినా వెళ్లి చెప్పాలి.

"మా ఆయన తుమ్మినా వెళ్లి చెప్పమంటుంది ఈవిడ" అనేది నదీన్. ఆమె భర్త పేరూ అదే రిజిస్టరులో ఉంది. వాళ్లకు వంతెన అవతల సోయా పొలం ఉంది.

"పక్క ఊళ్లో తుమ్మితే చెప్పాలే మరి" అనేది వెర్నా. అందరూ నవ్వేవాళ్లు.

ఒక వసంతంలో డొరీన్ వచ్చింది.

"వెర్నాగారూ, వీధి చివర పిల్లలకు పార్కు కడదామనుకుంటున్నాం. ఖర్చుల కోసం ఆదివారం తినుబండారాలు అమ్ముతున్నాం. మీ యాపిల్ పైలు లేకపోతే జనం రారు."

"ఏ పిల్లలకే?"

"మన వీధి పిల్లలకే."

"మన వీధిలో పిల్లలెవరున్నారు, మీ ఆయన తప్ప?"

డొరీన్ పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. వెర్నా యాపిల్ ముక్కలు నింపి కాల్చే ఆ పైలు మూడు చేసిచ్చింది.

"వాళ్లెందుకు కడుతున్నారో నీకు తెలీదా?" అన్నాను ఆ తర్వాత.

"తెలుసు. అయినా ఈ ఇంటి వంట బాగాలేదని ఎవడూ అనకూడదు."

పార్కు తెరిచిన రోజు రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఉయ్యాల ఎత్తు సరిచూడటానికి డొరీన్ భర్తే కూర్చుని ఊగాడు. మర్నాడు పోలీసు అధికారి వచ్చాడు. అతనూ ఒకప్పుడు వెర్నా బస్సెక్కినవాడే. దూరం కొలిచి, కాగితాలు చూసి, పార్కు కంటే ముందు నుంచే కర్ట్ ఇక్కడ ఉంటున్నాడు కాబట్టి వాణ్ణి కదిలించడానికి వీల్లేదన్నాడు. "అడ్రసు మారనంతవరకే సుమా, పెద్దమ్మా" అన్నాడు. ఎదుటి అరుగు మీద నిలబడి వింటున్న డొరీన్ ముఖం వాడిపోయింది.

మరుసటి ఏడు వెర్నాకు కాలేయంలో కాన్సరు అని తేలింది. వైద్యం సిటీలో. కర్ట్ తోడు వెళ్లాడు. ఆస్పత్రి పక్కన రోగుల బంధువుల కోసం ఒక బస ఉంది. కర్ట్ కొన్ని వారాలు అక్కడ పడుకోవాలి. అలా వేరేచోట ఉంటే ఆ అడ్రసు కూడా రిజిస్టరులో రాయించుకోవాలి.

"ఎవరికీ చెప్పకండి" అంది నదీన్. "ఆస్పత్రిలో అమ్మ పక్కన పడుకుంటే ఎవడొచ్చి చూస్తాడు? కెలుక్కోకు వెర్నా."

"దాచి బతకడం అలవాటైతే మళ్లీ ఇంకేదో దాస్తాడు. ఒరేయ్, వెళ్లి రాయించుకో."

కర్ట్ సిటీలో ఆ బస అడ్రసు రాయించుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ పాత అడ్రసు రాయించుకోబోతే, పోలీసు స్టేషన్లో బల్ల వెనక అమ్మాయి తలెత్తకుండా చెప్పింది: అడ్రసు మారింది, కాబట్టి ఇప్పుడు ఈ ఇల్లు కొత్త అడ్రసు కిందే లెక్క. కొత్తగా చేరేవాళ్లకు పార్కు అడ్డు.

చక్రాల కుర్చీలో ఉన్న వెర్నాకు వెంటనే అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను.

"ఆస్పత్రికి వెళ్లొచ్చాం తల్లీ. కాపురం పెట్టి రాలేదు" అంది.

"మీరు వచ్చి చెప్పకపోయుంటే మేం అడిగేవాళ్లం కాదండీ" అంది ఆ అమ్మాయి. పాపం, ఆ మాట మంచిగానే అంది.

ఇల్లు చేరాక వెర్నా, "నేనే పంపాను" అని ఒక్కసారి అంది. కర్ట్ ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, "నిజమే కదమ్మా చెప్పాం" అన్నాడు.

పగలు రావచ్చు, రాత్రి ఉండకూడదు. వాడు ధాన్యం గిడ్డంగి ముందున్న కంకర మీద తన ట్రక్కు ఆపుకుని అందులో పడుకునేవాడు. చీకటి పడ్డాక ఆ ట్రక్కు వాకిట్లో కనిపిస్తే డొరీన్ పోలీసులకు ఫోను చేసేది. రాత్రుళ్లు నేనుండేదాన్ని. ఒకసారి వెర్నాను బాత్రూముకు తీసుకెళుతూ మోయలేక ఇద్దరం నేల మీద పడ్డాం. తెల్లారి కర్ట్ వచ్చేదాకా ఆమె ఆపుకోలేక తడిపిన ఆ నేల మీదే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. కిటికీలోంచి పార్కు దీపం మా మీద పడుతూనే ఉంది.

ఆ పొద్దున వెర్నా తేల్చేసింది. "వాడిక్కడ ఉండకూడదంటే వాడు ఉండగలిగే చోటికి నేనే పోతా. నన్నెవరూ కొలవరుగా?"

నదీన్ తన పొలం చివర పాత క్యాంపరు బండి, మంచమూ పొయ్యీ ఉన్న చక్రాల ఇల్లు, ఇచ్చింది. ఇంటికొచ్చే నర్సు ఒక్కసారి వచ్చింది. లోపల ఆమెతో ఉన్నదెవరో తెలిశాక వాళ్ల సంస్థ ఇంకెవరినీ పంపలేదు. మంగళవారం ఆడవాళ్లే వంతులేసుకుని వచ్చారు. సూపు తెచ్చేవాళ్లు, దుప్పట్లు ఉతికేవాళ్లు. ఎత్తడం, తిప్పడం, కడగడం మాత్రం కర్టే చేసేవాడు. ఆ చేతులను చూస్తూ కూర్చునేదాన్ని. నా రోత తగ్గిందని రాస్తే అబద్ధం. వాడు తల్లి నోరు తుడిచేటప్పుడు కూడా నాకు ఆ గోదాములోని అమ్మాయి గుర్తుకొచ్చేది.

కోతలు మొదలయ్యాయి. యంత్రాలు లేపిన సోయా దుమ్ము బండిలోకి వచ్చి చెంచాల మీద, మందుల మీద పేరుకునేది. ఒక మధ్యాహ్నం వెర్నా, "కిటికీ మూయరా, నోట్లో పొలమంతా ఉంది" అంది. వాడు మూసి వచ్చి ఆమె తల ఒడిలో పెట్టుకున్నాడు. సాయంత్రం కాకముందే పోయింది. ఆమె కోరింది అదొక్కటే, వాడు పక్కన ఉండడం. దానికోసం సొంత మంచం వదులుకుని పొలం గట్టు మీద చావాల్సి వచ్చింది.

వారం తిరగకుండా డొరీన్ మా ఇంటికొచ్చింది. చేతిలో పంది మాంసం, బంగాళాదుంపలు, చీజు వేసి కాల్చిన వంటకం.

"ఎంత మంచి మనిషి లోయిస్‌గారూ! మా చిన్నప్పుడు బిస్కెట్లు పెట్టేది. అందుకే అందరం అనుకున్నాం, పార్కులో ఆవిడ పేర ఒక బల్ల వేయిద్దామని. పుట్టిన సంవత్సరం చెబితే ఫలకం మీద చెక్కిస్తాం."

"ఆ బల్ల మీద కర్ట్ కూర్చోవచ్చా?"

"అయ్యో, అదెలా కుదురుతుందండీ? చట్టం మీకు తెలుసుగా."

ఆమె నిజంగానే బాధపడుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. దాంతో నాకు ఒళ్లంతా జలదరించింది. గిన్నె ఆమె చేతుల్లోనే వదిలేసి, "సంవత్సరం చెప్పను" అన్నాను.

"ఏదో మీ దుఃఖంలో అంటున్నారు."

"దుఃఖం కాదమ్మా, అసహ్యం. వంటకం చల్లారుతుంది, తీసుకెళ్లు."

సంవత్సరం లేకుండానే బల్ల వేయించారు. ఇల్లు వెర్నా కొడుకు పేర రాసి పోయింది. కర్ట్ ఇప్పటికీ నదీన్ పొలంలోనే పడుకుంటాడు. శనివారాలు వచ్చి వాకిట్లో గడ్డి కోస్తాడు, కిటికీలు తుడుస్తాడు. పొద్దు వాలుతుంటే డొరీన్ ఫోను పట్టుకుని అరుగు మీదికి వస్తుంది. వాడు తన ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోతాడు.