మూత కింద పెండ్లిపత్రిక

నా పాత జీపు వెనక యాక్సిల్ పగలడంతో, వేరే బండిది తెచ్చి బిగిద్దామని ఈమధ్య విల్లియనూరు దారిలోని పాత ఇనుము కొట్టుకు వెళ్లాను. కొట్టు నడిపే గోవిందు మామ ఈ అరవదేశంలోనే పుట్టి పెరిగినా మన భాషవాడే. కొత్తగా నల్లరంగు పూసిన యాక్సిల్ ఒకటి వెడల్పు సరిపోయింది. గేర్లు ఎలా ఉన్నాయో చూద్దామని, అవి ఉండే మధ్య గుండు మూత విప్పాను.

గుప్పుమని కంపు! నల్లటి ఆయిల్లో కుళ్లిన అరటిగుజ్జు, తొక్కల పీచు చీములా నా చేతులమీద కారాయి. అరిగిన గేర్ల చప్పుడు వినబడకుండా బండి అమ్మేవాళ్లు చేసే దొంగపని అది.

"ఛీ! మన భాషవాడివని నమ్మి వస్తే ఇదా మామా?" అని అరిచాను.

"నాకేం తెలుసబ్బయా? నేను మూతే తీయలా," అన్నాడు మామ చిన్నబోయి. ఆయిల్ కారకుండా మూత అంచున ఎవరో పెండ్లిపత్రిక కత్తిరించి వేశారు. మామ దాన్ని ఊడదీసి నాకిచ్చాడు. "తెలుగులో ఏందో రాసుండాది, నాకు చదవను రాదు. పేరుంటే చెప్పు, ఆ నాయాలు యాడున్నా పట్టుకుంటా."

చదివాను. అది మా నాన్న పేరు. మా చెల్లెలి పెండ్లిపత్రిక. కిందటేడు నా మొదటి జీపు అమ్మే ముందు అరటిపండ్లు కూరి, ఆ మూత బిగించింది నేనే.

"పేరు చెరిగిపోయింది మామా," అన్నాను.

"ఎవుడో చేసిన పాడుపనికి నీకు కంపు పట్టిందే," అంటూ మామ నా చేతులమీద నీళ్లు పోశాడు.

ఇంట్లో ఇప్పుడు అరటిపండు ఇస్తే వద్దంటాను. ఒంటికి పడదేమో అనుకుంటున్నారు.